పక్కింటి కంప్లైంట్

వినికిడి పరీక్షలు చేసే గది. అద్దానికి ఇటు మిషను ముందు ఆమె, అటు చప్పుడు చొరబడని చిన్న గదిలో అతను. పడుచుతనంలో ఇద్దరిదీ ఒకే బ్యాండు. ఆమె డ్రమ్ములు, అతను గిటారు; అప్పటి ముద్దుపేర్లే ఇప్పటికీ, ఆమె దరువు, అతను తీగ.

“తలుపు గట్టిగా లాగు. సగం వేస్తే పట్టదు.”

“వేసేస్తే నీ మాట వినపడదుగా?”

“చెవులకి తగిలించుకున్నవి ఎందుకురా మరి? అందులోంచే మాట్లాడతా, నీ మాట నాకు ఇటు స్పీకర్లో వస్తుంది. వినపడుతోందా?”

“ఆ. కొంచెం పెంచు.”

“పెంచాను. ఇప్పుడు?”

“ఇంకొంచెం. ఇంకొంచెం. ఆ, చాలు. ఇది శవపేటికలా ఉందే దరువూ. రోజూ మనుషుల్ని ఇందులో కూచోబెడతావా?”

“పసిపిల్లలు కూడా ఏడవకుండా కూచుంటారు. క్రేన్ ఎక్కి ఆకాశంలో వేలాడేవాడివి, నీకేంట్రా భయం?”

“భయం ఎవరికి? గాలి ఆడట్లేదు, అందుకే చెమట.”

“మరి మాటిమాటికీ తలుపుకేసి చూస్తున్నావెందుకు?”

“బస్సుకి టైమవుతోంది. అది కాదు గానీ, ఒక్క సంతకం పెట్టేసి పంపించెయ్యొచ్చుగా. తెలిసినదానివి కదా అని వెతుక్కుంటూ వచ్చాను.”

“తెలిసినదాన్ని కాబట్టే పెట్టను. ఎందుకట ఇప్పుడీ సర్టిఫికెట్?”

“కంపెనీ కొత్త రూలు. క్రేన్ నడిపేవాళ్ళందరికీ కళ్ళు, చెవులు. కళ్ళు అయిపోయాయి, గద్ద కళ్ళు అన్నాడు డాక్టరు. చెవుల కాయితం రేపు పొద్దున ఇస్తేనే పైకెక్కనిస్తారు.”

“అయితే మంచిదేగా. చేయించుకుందువుగాని. సన్నగా ఒక కూత వినపడుతుంది. వినపడగానే బటన్ నొక్కు. ఎంత సన్నగా ఉన్నా నొక్కు.”

“మన సింగరు కేక పాడినంత సన్నగానా?”

“అది సన్నగా ఎప్పుడు పాడిందిరా? అది పాట ఎత్తుకుంటే వీధి చివర కుక్కలు లేచి కూచునేవి.”

“కుక్కలే కాదు, పక్కింటాయన కూడా. మొదటిరోజే లుంగీ ఎగ్గట్టుకుని వచ్చేశాడు, గుర్తుందా? మనం వాయించుకునే మీ బాబాయి టైర్ల గోడౌను బయట నిలబడి, కంప్లైంట్ ఇస్తా, కంప్లైంట్ ఇస్తా అని.”

“బ్యాండుకి పేరు పెట్టిన పుణ్యాత్ముడు ఆయనే. పక్కింటి కంప్లైంట్. మనలో ఎవరికీ అంత మంచి పేరు తట్టేది కాదు.”

“ఏం పాటలే అవి! మొదలయ్యాయని తెలిసేలోపు అయిపోయేవి. పైకి కారం, కొరికితే బెల్లం.”

“బ్యాండు వానలతో పుట్టింది, చలి రాకముందే పోయింది. మిగిలింది ఒక్క క్యాసెట్టు. దాని మీద మా అమ్మ రేడియో పాటలు ఎక్కించుకుంది.”

“మంచిపని చేసింది. మౌని ఏం చేస్తున్నాడు? బేస్ గిటారు పట్టుకుని ఓ మూల నిలబడేవాడు, నోట్లో ముత్యాలున్నట్టు.”

“బస్టాండులో మైకు. ఏ బస్సు ఎక్కడాగుతుందో పొద్దస్తమానం అరిచేది వాడే.”

“వాడా! అప్పుడు దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు ఖర్చుపెడుతున్నాడన్నమాట.”

“కబుర్లతో కాలక్షేపం చేసి తప్పించుకుందామనుకుంటున్నావా? కుర్చీలో సరిగ్గా కూచో. కుడి చెవి. మొదలుపెడుతున్నా.”

“ఆ. నొక్కాను. ఇదిగో, మళ్ళీ నొక్కాను.”

“నోటితో చెప్పక్కర్లేదు. నువ్వు నొక్కితే నాకిక్కడ లైటు వెలుగుతుంది.”

“సరే సరే.”

“కుడి అయింది. ఇప్పుడు ఎడమ.”

“ఎలా ఉంది?”

“మాట్లాడకు. ఊఁ. ఊఁ. అయింది.”

“ఏంటే, అలా చూస్తున్నావు? పోయిందా?”

“పోవడం కాదురా. మిషను గీసిన ఈ గీత చూడు. మీసం రాని కుర్రాడికి కూడా ఇలాంటి గీత రాదు. ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు నువ్వు.”

“నీ నోట్లో పంచదార పొయ్య! ఇంకేం, పెట్టు సంతకం.”

“ఆగు.”

“ఏం ఆగడం? బస్సు పోతుంది నాకు.”

“నిన్ను లోపల కూచోబెట్టి మాట్లాడుతున్నానే, ఎంత పెంచానో తెలుసా? మా దగ్గరికొచ్చే ముసలాళ్ళకి కూడా ఇంత పెంచను. ఇంకోసారి చేద్దాం. సిద్ధమా?”

“మళ్ళీ ఎందుకే? సరే, కానీ.”

“ఇప్పుడు నొక్కావు.”

“ఆ.”

“ఏం వినపడింది?”

“సన్నగా, కూ అని. దోమలా.”

“నేనేం పంపలేదు.”

“పంపలేదా?”

“లేదు. భుజం కదిపాను, అంతే. నా వేలు మీట మీద కూడా లేదు.”

“అంటే, మరి, చెవిలో ఎప్పుడూ ఏదో ఒక మోత ఉంటుందిలే. దాన్నే అనుకుని ఉంటాను.”

“తీగా. నా భుజం చూస్తున్నావా?”

“భుజం ఏంటి?”

“ఒరేయ్.”

“అలవాటే దరువూ! ఏం చెయ్యమంటావు? ఆ గోడౌనులో ఎవడికి ఏం వినపడి చచ్చింది? నా పక్కనే స్పీకరు, నా ఎదురుగానే నీ తాళాలు. నేను వాయించేది నాకే తెలిసేది కాదు. నీ కుడి భుజం లేస్తే దెబ్బ పడబోతోందని తెలిసేది. పాటలన్నీ నీ భుజం చూసే వాయించాను.”

“అన్నీనా?”

“అన్నీ. మీరందరూ పువ్వు పుట్టగానే పరిమళించింది, నీ టైమింగు పుట్టుకతోనే వచ్చింది అనేవాళ్ళు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.”

“ఇప్పుడు నవ్వకు. కుర్చీ వెనక్కి తిప్పు. గోడకేసి.”

“వద్దు.”

“తిప్పు.”

“వద్దే. ఇటు తిరిగి ఎంతసేపైనా చేసుకో. అటు తిప్పకు. వెనకాల ఏముందో తెలీకపోతే నాకు ఊపిరాడదు.”

“ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. తిప్పరా. ఊఁ, అలా. ఇప్పుడు వినపడితే నొక్కు.”

“మొదలుపెట్టావా?”

“మొదలుపెట్టాను.”

“దరువూ, మొదలుపెట్టావా?”

“పెట్టానురా.”

“ఏంటి, పలకవు? ఉన్నావా అక్కడ?”

“ఇక్కడే ఉన్నా! ఉన్నాను. అరుస్తున్నాను, వినపడిందా? సరే. ఇటు తిరుగు. తిరిగి నా మొహం చూడు.”

“ఎంత పోయింది?”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఎంత పోయిందో చెప్పవే ముందు.”

“సన్నటివన్నీ పోయాయి. మాటల్లో సగం అక్షరాలు నీకు అందవు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తున్నావు. ఎన్నాళ్ళ నుంచిరా?”

“ఏమో. ఒక్కరోజున పోతే తెలిసేది. పాప వెనకనించి నాన్నా నాన్నా అని పిలుస్తుందట, నేను పలకనట. నాన్నకి నా మీద కోపం అని వాళ్ళమ్మతో చెప్పుకుంది.”

“మీ ఆవిడకి తెలుసా?”

“చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో అంటుంది. తిట్టడానికే అంటుందిలే పాపం. నిజమని తెలిస్తే ఆ మాట అనేది కాదు.”

“పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎన్నాళ్ళు దాస్తావు?”

“దరువూ, నాకు భయమేస్తోందే. వీధి దాటాలంటే భయం. వెనకాల బండి హారన్ కొడుతుంది, నాకు తెలీదు, చివరికి వాడొచ్చి బూతులు తిడితే వాడి నోరు చూసి తెలుసుకుంటాను. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఎగిరిపడతాను. ఆ క్రేన్ కేబిన్ ఒక్కటే. ఎక్కి కూచుంటే అంతా నా ముందే ఉంటుంది. వెనకాల ఆకాశం తప్ప ఏం లేదు. అక్కడ ఒక్కచోటే నాకు భయం ఉండదు. అదీ లాగేస్తే నేనెక్కడికి పోను?”

“నీకు భయం ఉండదు సరే. కిందవాళ్ళ సంగతేంటి? నువ్వు దించే సరుకు ఎక్కడ దిగుతోందో నీకు కనపడుతుందా?”

“సగం కనపడుతుంది. గోడల వెనకాల, గుంటల్లో దించాలంటే కింది మనిషి వాకీటాకీలో చెప్పాలి. ఎడమకి, కుడికి, దించు, ఆపు.”

“అదే అడుగుతున్నా. ఆపు అంటే నీకు వినపడుతుందా?”

“వినపడుతుంది.”

“అబద్ధం.”

“ఒట్టు. వేరే ఎవరు అన్నా వినపడదు. కింద ఉన్న మనిషి అంటే వినపడుతుంది.”

“ఎవరా మనిషి? దేవుడా?”

“ఉందిలే ఒకతె.”

“ఎవరు?”

“కేక.”

“మన కేకా? అదక్కడేం చేస్తోందిరా?”

“నేనే తీసుకెళ్ళాను. మందుల షాపులో బిల్లులు కొట్టుకుంటూ ఉండేది. కింద సిగ్నల్ ఇచ్చే పని ఉంది, ట్రైనింగు వాళ్ళే ఇస్తారు, రమ్మన్నాను. స్నేహం కొద్దీ పిలిచాననుకుంది. నిజం ఏంటంటే, అప్పటికే నాకు ఎవరి మాటా తెలియట్లేదు. కింద ఎవడు మాట్లాడినా గరగర. అది మాట్లాడితే మాత్రం ముక్కముక్కా తెలిసేది. ఆ గొంతు వేరే కదా.”

“దానికి తెలుసా, అందుకే పిలిచావని?”

“చెప్పలేదు.”

“అది రాని రోజు ఏం చేస్తావు?”

“సెలవు పెట్టాలంటే ముందే చెబుతుంది. ఆరోజు నాకూ కడుపునొప్పి వస్తుంది.”

“పైనుంచి అది కనపడుతుందా నీకు?”

“పైనుంచి చూస్తే ఎవరైనా చీమలే. అందరికీ ఒకటే పసుపు టోపీ. గొంతే గుర్తు.”

“చూడు తీగా. రోజూ వినే మాటలైతే చెవి వినకపోయినా బుర్ర అల్లేస్తుంది. రోజూ చూస్తుంటాను ఇక్కడ. ఒక పెద్దాయన టీవీ చప్పుడు లేకుండా పెట్టుకుని వార్తలు విన్నాననేవాడు. నువ్వు విన్నాననుకున్నది నువ్వు విన్నట్టు కాదు. అదే నా భయం.”

“నేను అలా కాదు. నిజంగా వింటాను.”

“ఎప్పుడూ తప్పు పోలేదా?”

“లేదు.”

“నా మొహం చూసి చెప్పు.”

“ఒక్కసారి.”

“ఏమైంది?”

“వదిలెయ్యి.”

“ఏమైందిరా?”

“కాంక్రీటు బకెట్ దించుతున్నాను. గాలి ఎక్కువగా ఉంది, పక్కన ఇంకో మిషను తిరుగుతోంది. ఆపమందట. ఆపమంటూనే ఉందట. నాకు దించు అన్నట్టే ఉంది. దాని నెత్తి మీద టోపీ ఎగిరిపోయింది దరువూ. అది కాస్త వంగింది కాబట్టి. వంగకపోతే.”

“అమ్మో.”

“కిందపడింది. అందరూ పరుగెత్తారు. పైనుంచి చూస్తే పసుపు టోపీలన్నీ ఒకచోట చేరాయి. నేను దిగలేదు, కేబిన్ అద్దంలోంచి చూస్తూ కూచున్నాను. దానికేం కాలేదని ఎవడో చెయ్యి ఊపాడు. అప్పుడు ఏడ్చాను.”

“వెళ్ళి చూశావా దాన్ని?”

“ఏ మొహం పెట్టుకుని? అప్పట్నించీ అందరికంటే ముందు ఎక్కేస్తున్నాను, అందరూ పోయాక దిగుతున్నాను. అన్నం కూడా పైనే. దాని ఎదురుపడే ధైర్యం లేదు. అదీ నన్ను ఒక్కమాట అనలేదు. మర్నాడు వాకీటాకీ సెట్టు పెట్టుకుంటే మామూలుగానే పలికింది. ఎడమకి, దించు, ఆపు. అంతే.”

“తిట్టలేదా? కేకేనా?”

“తిట్టలేదు. కానీ గొంతులో కోపం తెలిసిపోతోంది. ఇదివరకు మధ్యలో జోకులు వేసేది, పాత పాటలు కూనిరాగం తీసేది. ఇప్పుడు ముక్తసరిగా పనిమాట, అంతే. నిన్న కూడా అంతే. పోనీలే, కోపంగానైనా మాట్లాడుతోంది. ఆ తర్వాత ఒక్క తప్పు పోలేదు చూడు. ఒక్కటి కూడా. ఎందుకో తెలుసా? ప్రాణం చెవుల్లో పెట్టుకుని వింటున్నాను.”

“నేను సంతకం పెట్టి, రేపు ఆ బకెట్ ఎవరి మీదైనా పడితే?”

“పడదు.”

“పడితే? రాత్రిళ్ళు నేను నిద్ర ఎలా పోవాలి?”

“నెల రోజులు. స్లాబు అయిపోతుంది, సరుకు ఎత్తే పని తగ్గిపోతుంది. తర్వాత నేనే దిగిపోతాను. చెవికి మిషను పెట్టుకుంటాను, ఏ మూలో కూచునే పని ఏదో చూసుకుంటాను. ఇవాళ రాత్రికి రాత్రి దింపెయ్యకే. ఇంట్లో ఏమని చెప్పను? పాపకి ఏమని చెప్పను? కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.”

“నోరు ముయ్యి. కాళ్ళేంటి, కాళ్ళు.”

“మరి పెడతావా?”

“ఆ బకెట్ కింద నిలబడేది నువ్వూ కాదు, నేనూ కాదు. అది. దాని ప్రాణానికి మనిద్దరం సంతకాలేంటి? దాన్నే అడుగుతాను. నీ చెవుల సంగతి మొత్తం చెప్పి అడుగుతాను. అన్నీ తెలిసి అది సరేనంటే, నెల తర్వాత మళ్ళీ పరీక్ష అని రాసి ఇస్తాను. వద్దంటే రేపు నువ్వు ఎక్కవు.”

“చెప్పాలా? చెవుల సంగతి చెప్పాలా దానికి?”

“చెప్పాలి.”

“సరే. చెప్పు. ఎప్పటికైనా చెప్పాల్సిందే. ఇప్పుడు అన్నాల వేళ, ఎత్తుతుంది. నంబరు అదే, మార్చలేదు. దరువూ, మెల్లగా చెప్పు. క్షమించమన్నానని చెప్పు ముందు.”

“కూచో. లేవకు అక్కడ్నించి. హలో? కేకా? నేనే, దరువుని.”

“దరువా! ఒసేయ్, ఎన్నాళ్ళకే! బతికే ఉన్నావా?”

“ఉన్నాను. నువ్వెలా ఉన్నావు?”

“ఉన్నానమ్మా, తలకాయ మెడ మీదే ఉంది. అదే గొప్ప. ఒక్క నిమిషం. ఏయ్, ముద్ద మింగు ముందు! ఆ, చెప్పవే.”

“ఏంటే ఆ గోల? సైటులో పిల్లలేంటి?”

“సైటు ఎక్కడిది? ఇది చంటిపిల్లల బడి. అన్నాలు పెట్టి పడుకోబెట్టే పని. నేను జోలపాడితే నిద్రపోతున్నారంటే నువ్వు నమ్మగలవా? అరిచి అరిచి చివరికి జోకొట్టే దాన్నయ్యాను.”

“అదేంటి? క్రేన్ దగ్గర కదా నువ్వు?”

“ఏమంటోంది? ఎత్తిందిగా? మొహం అటు తిప్పుకుంటావేంటి? దరువూ, ఇటు తిరుగు.”

“ఎవరే అది, పక్కన?”

“పేషెంటు. అద్దం కొడుతున్నాడు. కేకా, క్రేన్ దగ్గర మానేశావా? ఎప్పుడు?”

“ఎప్పుడో. వానలు మొదలవకముందే. ఆ తీగగాడి పేరెత్తకు నా దగ్గర. బకెట్ నా నెత్తి మీదకి దింపాడే! ఆపు, ఆపు అని గొంతు చించుకున్నాను. వినే మొహమైతేగా? బ్యాండులో మాత్రం, నేను పాడేది వాడెప్పుడు విన్నాడు? వాడి ధోరణి వాడిది. టోపీ ఎగిరి అంతదూరం పడింది. ఆ రాత్రి మా ఆయన్ని పట్టుకుని తెల్లవార్లూ వణికాను. మర్నాడు మేస్త్రీకి టోపీ, సెట్టు ఇచ్చేసి వచ్చేశాను.”

“మర్నాడేనా?”

“మర్నాడే. ఇంకొక్క పూట కూడా నిలబడలేదు.”

“వాడికి చెప్పావా, మానేస్తున్నానని?”

“ఎందుకు చెప్పాలి? చంపబోయి, కిందకి దిగొచ్చి ఉన్నావా పోయావా అని కూడా చూడలేదు.”

“మరి కింద ఇప్పుడు ఎవరే? వాకీటాకీలో మాట్లాడేది ఎవరు?”

“కొత్తపిల్ల ఒకతి, మేస్త్రీ అప్పటికప్పుడు నా చోట నిలబెట్టాడు. పీలగొంతు, పిచ్చుక కిచకిచలాడినట్టుంటుంది. దూరంగా నిలబడవే తల్లీ, ఆ మహానుభావుడు మాట వినే రకం కాదు అని చెప్పి మరీ వచ్చాను.”

“దరువూ, ఏమందో చెప్పవే! ఒప్పుకుందా? ఇంకా కోపంగానే ఉందా నా మీద?”

“కేకా, నేను చెప్పేది విను, వాడి సంగతే, వాడికి…”

“వాడి సంగతి నాకు చెప్పకు. నా గొంతుకీ ఆ పిల్ల గొంతుకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది కదా, ఆ మొదటిరోజే అడుగుతాడనుకున్నాను. సిగ్గు లేక సాయంత్రమయ్యేసరికి ఆ పిల్లకి ఫోన్ చేస్తూనే ఉన్నానే, నేనేమయ్యానని వాడు ఇవాళైనా అడిగాడా అని. ఇంతవరకూ అడగలేదట.”